తీసెయ్యని పోస్టు

కోరుట్ల బస్టాండు ఎదుట ఉన్న ఐలయ్య ఇంటర్నెట్ సెంటర్లో కృపారాణికి రెండు ఉద్యోగాలు. ఒకటి జీతం ఉన్నది. వచ్చినవాళ్లకు ప్రింట్లు తీసివ్వడం, దుబాయిలో ఉన్న మొగుళ్లతో ఆడవాళ్లను కంప్యూటర్లో మాట్లాడించడం. రెండోది జీతం లేనిది, కానీ దర్జా అంతా దానిదే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల జనం పోగై ముచ్చట్లు పెట్టుకునే 'మూడూళ్ల ముచ్చట' అనే వెబ్‌సైటుకు ఆమె మోడరేటర్. ఎవడైనా బూతులు రాస్తే తీసెయ్యాలి. మోకాళ్ల నొప్పుల తైలంవాళ్లూ, చీటీల కంపెనీవాళ్లూ ప్రకటనలు గుమ్మరించి పోతే ఊడ్చెయ్యాలి. సైటు పెట్టిన సిరిసిల్ల సతీశ్ హైదరాబాదులో ఉంటాడు. "వాకిలి అందరిది, చీపురు నీది" అని ఫోన్లోనే ఆమెకు పట్టాభిషేకం చేశాడు.

అప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బడుల్లేవు, బస్సుల్లేవు, ఆఫీసులకు తాళాలు. పంతుళ్లు, కండక్టర్లు, గుమాస్తాలు అందరూ బస్టాండు పక్కన టెంటు వేసుకొని దీక్షకు కూర్చున్నారు. ఎక్కడ రాస్తారోకో, ఎక్కడ వంటావార్పు, కరెంటు ఎంతసేపు పోతుంది, అన్నీ 'మూడూళ్ల ముచ్చట' బోర్డులోనే చూసుకునేవారు.

ఆ టెంటు వెనక సందులో కృపారాణి తల్లి సాయవ్వ మెస్సు. రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, గోడకు ఒక సిలువ. కథలాపూర్‌లో ఒకరి పొలంలో నాట్లేసీ, ఇంకొకరి పెండ్లిలో గిన్నెలు తోమీ నడుము అరిగిపోయాక, బిడ్డ చదువు కోసం కోరుట్ల చేరి పెట్టుకున్న మెస్సు అది. దీక్షలో కూర్చున్నవాళ్లు ఆమె పచ్చిపులుసుకు అలవాటు పడ్డారు. పన్నెండు కొట్టకముందే నినాదాలు సన్నబడి, చూపులన్నీ సందువైపు మళ్లేవి.

రోడ్డుకు అవతల 'రాజభోగం' హోటల్. ఓనరు రాజలింగం సేటు. బస్సులు ఆగిపోయాక ఆయన హోటల్లో ఈగలు కూడా మొహమాటానికి వాలేవి. గల్లాపెట్టె దగ్గర కూర్చొని, సందులోకి పోయే పంతుళ్ల వరుసను చూస్తే ఆయనకు కడుపు భగ్గుమనేది.

ఒక పొద్దున బోర్డులో 'ఉద్యమ బిడ్డ' అనే పేరుతో ఒక పోస్టు పడింది. "టెంటు వెనుక మెస్సులో తినేవాళ్లు ఒక్కసారి ఆలోచించండి. వండేదెవరో, ఏ వాడ మనిషో కనుక్కోండి. గోడకు ఏ బొమ్మ ఉందో చూసి ముద్ద నోట్లో పెట్టుకోండి." దాని కింద 'కోరుట్ల పోరడు' తనకు వాంతులయ్యాయన్నాడు. 'సిరిసిల్ల చెల్లె' తనకు విరేచనాలయ్యాయంది. ముగ్గురూ చివరికి ఒకటే మాట: శుభ్రమైన భోజనానికి రాజభోగం.

కృపారాణి చూసిన మరుక్షణం తీసేసింది. కానీ టెంటువాళ్లు అప్పటికే ఫోన్లలో చదివేశారు.

ఆ మధ్యాహ్నం లెక్కల సారుకు ఉపవాసం గుర్తొచ్చింది. హెడ్ కండక్టరుకు ఇంటి నుంచి డబ్బా వచ్చింది. ఒకరికి కడుపు బాగాలేదు, ఒకరికి ఆకలి లేదు. కారణం మాత్రం ఒక్కరూ చెప్పలేదు. సాయంత్రం సాయవ్వ గంజు గిన్నె నిండా మిగిలిన అన్నం పక్కింటి బర్రెకు పోస్తూ బిడ్డను అడిగింది.

"ఉప్పెక్కువైందా బిడ్డా? పచ్చిపులుసు పుల్లగైందా? ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఏం లేదవ్వా. ఎండకు తింటలేరు."

అబద్ధం చెప్పి కృపారాణి మొహం తిప్పుకుంది. ఆ రోజు నుంచి ఆమెకు కోపం కాదు, ఇంకోటి పట్టుకుంది. కోపమైతే అరిస్తే పోతుంది. ఇది అన్నం తింటున్నా, పడుకున్నా పక్కనే కూర్చునేది.

తీసేసిన ప్రతిసారీ మళ్లీ పోస్టు మొలిచేది. మోడరేటర్ పేజీలో ఏ పోస్టు ఏ కనెక్షన్ నుంచి వచ్చిందో నంబరు కనబడుతుంది. మూడు పేర్లకూ ఒకటే నంబరు. ఆ బజారులో సెంటరు కాకుండా నెట్ కనెక్షన్ పెట్టించుకున్నది రాజభోగం గల్లాపెట్టె ఒక్కటే. కానీ నంబరు చూపిస్తే పంతుళ్లు నమ్మరు. సేటు ఒప్పుకోడు.

సతీశ్‌కు ఫోను చేసింది.

"కృపా, నాకు మండుతున్నది గని, ఒక్క మాట ఇను," అన్నాడు సతీశ్. "నీ పగకు బోర్డు వాడి నువ్వు గూడ దొంగ పోస్టు పెట్టినవనుకో, రేపటి సంది మనల్ని ఒక్కడు నమ్మడు. అబద్ధం రాయకు."

"ఒక్క అక్షరం రాయ. నేను రాసుడెందుకు? రాసెటోడు ఉన్నడు గద."

రాసేవాడు నిజంగానే ఊరుకోలేదు. సాయవ్వ మెస్సు ఖాళీ అయినా టెంటువాళ్లు రాజభోగానికి రాలేదు. మరి ధర అట్లా ఉంది. అందుకని 'ఉద్యమ బిడ్డ' ఈసారి పొగడ్త ఎత్తుకున్నాడు. "రాజభోగం ఓనరు అసలైన తెలంగాణ బిడ్డ. నిన్న నేను సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చి కోరుట్లలో దిగాను. ఉద్యమకారుణ్నని తెలియగానే ఆకు వేసి, కడుపు నిండా పెట్టి, పైసలిస్తే తీసుకోకుండా నా కాళ్లు మొక్కాడు. ఉద్యమానికి వచ్చేవాళ్లు ఎంతమందైనా రండి, ఉచితమే అన్నాడు. ఇలాంటి హోటల్‌ను మనం ఆదరించాలి."

కృపారాణి పెద్దగా చదివింది. సెంటరు ఓనరు ఐలయ్య, ఆమె వరుస కలిపి మామా అని పిలిచేవాడు, కల్లుగీత మాని తాటిచెట్టు దిగి కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి. మూడో తరగతిలోనే బడికీ ఆయనకూ పడలేదు. పొట్ట పట్టుకొని నవ్వాడు.

"ఏ బస్సు కోడలు పిల్లా? సక్రం తిరగక ఎన్నొద్దులాయె! ఆని బస్సు మొగులు మీద నడుస్తున్నదా? తీసెయ్, తీసెయ్."

కృపారాణి చెయ్యి తీసేసే బొత్తాం మీదికి పోయింది. అక్కడే ఆగింది. "ఎంతమందైనా రండి" అన్నచోట ఆమె చూపు నిలిచిపోయింది.

"మామా, రేపే గద పెద్ద వంటావార్పు?"

"అవ్. జగిత్యాల నుంచి మోటరు సైకిళ్లు, సిరిసిల్ల బట్టల సాంచెల కార్మికులు, రుద్రంగి, చందుర్తి ట్రాక్టర్లు. రోడ్డంత పొయ్యిలే."

కృపారాణి పోస్టు తీసెయ్యలేదు. 'ఉపయోగపడే సమాచారం' అన్న ముద్ర వేసి, మూడూళ్ల జనం బోర్డు తెరవగానే కనపడేట్టు అన్నిటికంటే పైన కూర్చోబెట్టింది. ఐలయ్య నవ్వు ఆపి ఆమె మొహంలోకి చూశాడు.

"ఓసి నీ పాడుగాను! కోడలి వరుసైతివి, లేకుంటె నీకు దండం పెట్టెటోన్ని."

సాయంత్రానికి రాజలింగం సేటు గల్లాపెట్టె దగ్గర బోర్డు తెరిచాడు. తన పోస్టు నెత్తిన కిరీటంలా మెరుస్తోంది. పిల్ల భయపడి దారికొచ్చిందనుకున్నాడు. పొంగిపోయి, పనివాడితో సెంటరుకు మిర్చీ బజ్జీల పొట్లం పంపించాడు. ఐలయ్య ఒక్కటి మిగల్చకుండా తిన్నాడు. కృపారాణి ముట్టలేదు.

తెల్లారి పది దాటేసరికి రోడ్డు కనిపించలేదు, మనుషులే కనిపించారు. డప్పులు, జెండాలు, బోనాలెత్తిన ఆడవాళ్లు. కానీ ఒక్క పొయ్యి లేదు, ఒక్క కట్టెపుల్ల లేదు. బియ్యం సంచీ తెచ్చినవాడే లేడు. అందరికీ ముందు బీడీలు చేసే బాలవ్వ, వెనక ఆమె వాడకట్టు ఆడవాళ్లంతా నేరుగా రాజభోగం మెట్లెక్కారు.

"ఏడున్నడు సేటు? కాళ్లు మొక్కుతడట గద! ముందుగాల నాయి మొక్కుమను, నడిచి నడిచి గుంజుతున్నయ్."

సేటు గల్లాపెట్టె వెనక నుంచి లేచాడు. "ఏందమ్మా ఇదంత? ఎవలు జెప్పిండ్రు?"

"నా బిడ్డ బోర్డుల సదివి జెప్పింది. ఎంతమందైన రాండ్రి, ఉట్టిగ పెడ్త అన్నవట. మా ఇంట్ల పొయ్యి ఎలిగియ్యకుంట అచ్చినం."

"నేను అన్లే తల్లీ!"

"అన్లేదా?" బాలవ్వ నడుం మీద చేతులు పెట్టుకుంది. "గట్లనే జెప్పు మరి. రాజలింగం సేటు ఉద్యమానికి బుక్కెడు బువ్వ పెట్టడు అని మైకుల జెప్పి పోతం. మాకేంది?"

మైకు చాలా దగ్గర్లో ఉంది. సేటు చెమట తుడుచుకొని ఆకులు వెయ్యమన్నాడు. మొదటి పంక్తి లేచింది, రెండోది లేచింది. కుర్చీలు చాలక జనం రోడ్డు మీదే బారుగా కూర్చున్నారు. అన్నం గంజులు అడుగంటుతున్నాయి, చందుర్తి ట్రాక్టర్లు ఇంకా దిగుతూనే ఉన్నాయి. సేటు మందిని తోసుకుంటూ రోడ్డు దాటి సెంటరులోకి వచ్చి పడ్డాడు.

"బిడ్డా కృపా, గా పోస్టు తీసెయ్. నీకు పున్నెముంటది."

"ఎందుకు సేటూ? మంచిగనే రాసిండ్రు గద."

"తప్పు రాసిండ్రు!"

"మెచ్చుకున్న పోస్టు తీసెయ్యనీకి మాకు రూలు లేదు. రాసినోళ్లే అచ్చి తీసుకోవాలె. ఎవలో గా 'ఉద్యమ బిడ్డ', పిలుచుకరాండ్రి."

సెంటరు వాకిట్లో అప్పటికే జనం పోగయ్యారు. లెక్కల సారు ఉన్నాడు, హెడ్ కండక్టరు ఉన్నాడు. బయట "మూడో పంక్తికి ఆకులెయ్యీ!" అని కేకలు.

"నేనే," అన్నాడు సేటు గొంతులోనే.

"జర గట్టిగ, సేటూ," అన్నాడు ఐలయ్య చెవి ముందుకు పెట్టి. "తాడి మీద గాలికి చెవులు పోయినయ్ నాకు."

"నేనే రా అయ్యా! నేనే రాసుకున్న! ఏం జేస్తరు?"

వాకిట్లో నవ్వులు పేలాయి. కృపారాణి నవ్వలేదు. కుర్చీ ఆయన ముందుకు జరిపింది. సేటు ఒక్క వేలితో పేరు కొట్టాడు, పాస్‌వర్డు కొట్టాడు. 'ఉద్యమ బిడ్డ' పేజీ తెరుచుకుంది. తీసేసిన పోస్టులు ఇక లేనట్టే అని ఆయన అనుకున్నాడు. రాసినవాడి పేజీలో అవి బూడిద రంగులో అట్లాగే పడి ఉంటాయని ఆయనకు తెలియదు. కృపారాణికి తెలుసు. ఆమె వేలు పెట్టి చూపించింది.

"మామా, గిది జర సదువుండ్రి."

ఐలయ్య అక్షరం అక్షరం కూడబలుక్కునే మనిషి. ఆ రోజు మరీ నెమ్మదిగా చదివాడు. "టెం...టు వె...ను...క మె...స్సు..." ఒక్కో ముక్కా నోట్లోంచి ఊడిపడుతుంటే నవ్వులు ఆగిపోయాయి. "ఏ... వా...డ... మ...ని...షో..." దగ్గర సేటు కుర్చీలోంచి లేవబోయాడు. ఐలయ్య ఎడమ చెయ్యి ఆయన భుజం మీద వేసి కూర్చోబెట్టాడు. చదవడం ఆపలేదు. "గో...డ...కు ఏ... బొ...మ్మ..." లెక్కల సారు తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

అప్పుడు కృపారాణి తలెత్తింది. గుంపు వెనక సాయవ్వ నిలబడి ఉంది. అరుపులు విని వచ్చినట్టుంది, చేతులు తడిగా ఉన్నాయి. మొత్తం విన్నది. జనం తప్పుకొని దారిచ్చారు. కృపారాణి తెర మీద పెట్టిన వేలు వెనక్కి తీసుకుంది. ఇన్నాళ్లూ పగ తీర్చుకోవాలనే చూసింది గాని, ఆ మాటలు తల్లి చెవిన ఇట్లా పడతాయని అనుకోలేదు.

"తీసేస్త బిడ్డా, ఇప్పుడే తీసేస్త," సేటు మౌసు కోసం తడుముకున్నాడు. "మన మనల గిదంత ఎందుకు? తప్పైంది సాయవ్వా. ఏదో యాపారం మీద పడి రాసిన. కడిగేద్దాం."

కృపారాణి మౌసు లాక్కుంది. "అవ్వా, నువ్వు జెప్పు. తీసెయ్యల్నా? ఇది ఉంటె నీ మీద రాసిన మాట గూడ ఉంటది. అందరు సదువుతరు."

సాయవ్వ తెర మీది అక్షరాల వైపు చూసింది. ఆమెకు చదువు రాదు. అయినా చాలాసేపు చూసింది.

"దాని మీద ఎవల పేరున్నది?"

"ఉద్యమ బిడ్డ అని పెట్టుకున్నడు."

"ఆ పేరు తీసెయ్. అయ్య పెట్టిన పేరు పెట్టు. మాట ఉండనియ్. నా మీద పడ్డ మాట ఎన్నూర్లు తిరిగిందో, వాని పేరు గూడ అన్నూర్లు తిరగాలె."

కృపారాణి ఆ పోస్టును బూడిదలోంచి పైకి తెచ్చింది. రాసినవారు: రాజలింగం, రాజభోగం హోటల్, కోరుట్ల. దాని పక్కనే ఉచిత భోజనం పోస్టు, అదే పేరుతో. రెండింటికీ తాళం వేసింది. ఇక రాసినవాడు కూడా తియ్యలేడు. అందులో ఆమె చేర్చిన అబద్ధం ఒక్కటి లేదు.

"బిడ్డా, నా దుకాణం మునుగుతది!" సేటు చేతులు జోడించాడు.

సాయవ్వే జవాబు చెప్పింది, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

"లే సేటూ. మంది ఆకుల ముంగట కూసున్నరు. పోయి వడ్డియ్."

ఎవరూ దారి ఇవ్వలేదు. రాజలింగం సేటు ఒక్కొక్కరి భుజాన్నీ పక్కకు జరుపుకుంటూ, ఎండలోకి, మూడో పంక్తి దగ్గరికి నడిచాడు.