జనపనార గడ్డి

డ్యూటీ దిగి ఇంటికి రాగానే బసవపున్నయ్య కాళ్లు కడుక్కుని, కాఫీ గ్లాసుతో వసారాలో చెక్కబల్ల ముందు కూర్చునేవాడు. అతను తెనాలి స్టేషన్లో సిగ్నల్ ఫిట్టరు. తెనాలి నుంచి రేపల్లె దాకా రైలు దారంతా ఆ బల్ల మీద బొమ్మగా కడుతున్నాడు. పట్టాలు, వంతెనలు, రేకు ఇంజను అన్నీ కుదిరాయి. గడ్డి ఒక్కటే కుదరలేదు. రంగేసిన రంపపు పొట్టు చల్లితే గోరింటాకు పొడిలా ఉంది. జనపనారని గోరంత ముక్కలుగా కత్తిరించి, పచ్చరంగులో ముంచి ఆరబెట్టి జిగురు మీద చల్లితే, అదీ తడిసిన ఎండుగడ్డిలా పడుకుంది. దువ్వెనని జుట్టుకి రుద్ది పైన పట్టుకుంటే నాలుగు పోచలు లేచి, దువ్వెన తియ్యగానే పడిపోయాయి.

అతని భార్య అనసూయ కుడి అరచెయ్యి పైన ఆడిస్తే పడిపోయిన పైరు లేచి నిలబడేది. చిన్నప్పటి నుంచీ అంతే. వానలకి చేలు పడిపోతే పుట్టిల్లు భట్టిప్రోలు నుంచి కబురొచ్చేది. రైలెక్కి వెళ్లి లేపి వచ్చేది. లేపాక ఆ చెయ్యి చల్లబడి, వారం దాకా మళ్లీ వేడెక్కేది కాదు. అందుకే గడ్డి సంగతి ఆమెని అడగడానికి అతనికి మొహమాటం.

డెబ్భై రెండు కార్తీకంలో బాపట్ల ఎగ్జిబిషన్‌కి బల్ల తీసుకెళ్లాలి. సరిగ్గా అప్పుడే ముసురు పట్టింది. వాన తెరిపిచ్చిన సాయంత్రం భట్టిప్రోలు పాలేరు యోబు స్టేషన్‌కొచ్చాడు.

"పున్నమ్మగారి చేను పడిపోయిందండి. గింజ నీళ్లలో ఉంది. అమ్మాయిగారిని పొద్దున్నే రమ్మన్నారండి."

పున్నమ్మ అనసూయకి పిన్ని. ఆ కౌలు చేను తప్ప ఆమెకి ఆధారం లేదు.

"చెప్తాలే" అన్నాడు బసవపున్నయ్య.

చెప్పలేదు. పొద్దున బల్ల మీద కొత్త జిగురు పూసి, నార చల్లి, అనసూయని పిలిచాడు. ఆమె చెయ్యి ఆడించింది. పోచలన్నీ లేచి, గాలికి కాస్త ఒక పక్కకి వాలినట్టు నిలబడ్డాయి.

"ఇంత వానకి మావాళ్ల చేలు పడలేదా ఏంటి? ఎవరూ రాలేదు" అందామె, చెయ్యి రుద్దుకుంటూ.

"పడలేదేమో" అన్నాడు గడ్డి వంకే చూస్తూ.

బాపట్లలో జనం బల్ల చుట్టూ మూగారు. ఎవరు మెచ్చుకున్నా అతని కళ్లు నేల మీదే ఉన్నాయి. తిరిగొచ్చేసరికి ఇంటికి తాళం. పక్కింటావిడ చెప్పింది, పున్నమ్మ చేను పడిపోయిందని మళ్లీ కబురొస్తే అనసూయ భట్టిప్రోలు వెళ్లిందని. ఉన్న బట్టలతోనే రేపల్లె బండెక్కాడు.

పడిపోయిన చేలో వెన్నులకి తెల్లటి మొలకలొచ్చాయి. అనసూయ వంగి చెయ్యి ఆడిస్తోంది. ఒక్క దుబ్బూ కదలడం లేదు.

"చూడు అల్లుడూ" అంది పున్నమ్మ. "యోబు అసలు తెనాలే రాలేదు. వచ్చి నీకు చెప్పానని బొంకుతున్నాడు. రేపట్నించి పనికి రావద్దన్నా."

గట్టు మీద నిలబడిన యోబు అతని వంక చూశాడు.

"చెప్పాడు అత్తయ్యా" అన్నాడు బసవపున్నయ్య. "నేనే దాచాను. నా బొమ్మ గడ్డి కోసం."

పున్నమ్మ ఉన్నచోటే చతికిలబడింది. అనసూయ తన అరచెయ్యి ఒకసారి చూసుకుని గట్టెక్కింది.

అతను ప్యాంటు మడిచి బురదలో దిగాడు. మొలకెత్తనివి కొన్నైనా కట్టి నిలబెడదామని ఒక దుబ్బు మీదికి చెయ్యి చాపాడు. తాకకముందే అది లేచింది. పక్కదీ లేచింది. అరచెయ్యి కుంపటిలా కాలుతోంది.

యోబు చూశాడు. "ఆ మూల కూడా చూడండి బాబూ, అక్కడ ఇంకా మొలకలు రాలేదు" అన్నాడు.

అతను అటు వెళ్లకుండా తూలుకుంటూ గట్టు దగ్గరికొచ్చాడు. అనసూయ కుడిచెయ్యి పట్టుకున్నాడు. బావి నీళ్లంత చల్లగా ఉంది.

"ఇది నీది, అనసూయా. ఇదీ నీ దగ్గర్నుంచి తీసేసుకున్నాను. ఎలా ఇవ్వాలో చెప్పు, ఇచ్చేస్తా."

ఆమె చెయ్యి విడిపించుకుంది. పైట చెంగుతో అతని అరచేతి బురద తుడిచింది. అతని మొహంలోకి మాత్రం చూడలేదు.

"ఆ మూల ఇంకా మొలకలు రాలేదంటున్నాడుగా" అంది. "వెళ్లండి."