తొండానికి తలపాగా

ఎర్రవాగు చప్టాకి రెండు పక్కలా గుర్తురాళ్లు పాతి ఉంటాయి. నీళ్లొచ్చినప్పుడు వాటి మధ్య నుంచి పోయినవాడు ఇంటికి పోతాడు, తప్పినవాడు కృష్ణలో తేలతాడు. హన్నమ్మ జీపు తెచ్చి ఒడ్డున ఆపేసరికి ఆ రాళ్ల తలలు మాత్రమే కనపడుతున్నాయి.

పొద్దున ఏడింటికి ఇదే చప్టా మీదుగా పదకొండుమంది ఆడకూలీలను అవతల వెంకట్రామయ్య పత్తి చేలో దించి వచ్చింది. అప్పుడు నీళ్లు చక్రాలను తడిపాయి, అంతే. తుఫాను రేపటికి గాని రాదని టీవీలో చెప్పారు. ఈలోపే విచ్చిన పత్తంతా తీయించుకోవాలని వెంకట్రామయ్య తొందర. మధ్యాహ్నం చినుకు మొదలైతే, ఈ నాలుగు సాళ్లు అవగొట్టి పోండి అన్నాడు. నాలుగు సాళ్లు అయ్యేసరికి ఎగువ కురిసిన వాన వాగులోకి దిగింది. టీవీ మాట వాగు వినదు.

హన్నమ్మ ఫోను చేసింది. ముఠా మేస్త్రి ఆదిలక్ష్మమ్మ ఎత్తింది. అరవై ఏళ్ల మనిషి, గొంతులో వణుకు లేదు గాని మాటల మధ్య ఎడం ఎక్కువైంది.

"ఏడున్నావే హన్నా?"

"ఒడ్డుకొచ్చా అత్తా. మీరేడ?"

"మోటారు షెడ్డు గట్టు మీదున్నాం. చుట్టూ నీళ్లే. పైన చెరువు కట్ట జారతందంట, ఇప్పుడే రామయ్యగారికి ఫోనొచ్చింది. అది తెగితే ఈ గట్టు కూడా ఉండదు."

"ఎంతసేపట్లో తెగుద్దంట?"

"అది చెప్పి తెగుద్దా?"

ఇవతల ఒడ్డున పదిహేనుమంది మగాళ్లు గొడుగులేసుకుని నిలబడి ఉన్నారు. సగం మంది ఫోనులో వీడియో తీస్తున్నారు. బోటు బయల్దేరిందని ఒకాయన చెప్పాడు. ఎంతసేపట్లో వస్తుందంటే మూడు గంటలన్నాడు. ఇంకొకాయన వాగుకి దణ్ణం పెట్టాడు. ఆ పదకొండుమందిని తీసుకెళ్లింది తను. తీసుకురావలసిందీ తనే. హన్నమ్మకి అంతకు మించి ఆలోచన లేదు.

"నేను పోతన్నా," అంది.

"నీ డొక్కు జీపు మీదనా?" అన్నాడు గొడుగుల గుంపులో ఒకడు.

డొక్కే. దాని వయసు ముప్పై ఏళ్లు. మొగుడు ఆరోగ్యస్వామి వేలంలో కొన్నాడు, రెండేళ్లు నడిపి జబ్బు చేసి పోయాడు. మెకానిక్ షెడ్డుకి పోతే 'ఆడదానివి, నీకెందుకమ్మా, అమ్మేయి' అన్నారు. హన్నమ్మ అమ్మలేదు. ఫోనులో పరాయి దేశాల మెకానిక్కుల వీడియోలు చూసింది. వాళ్ల భాష అర్థం కాకపోతే మాట ఆపేసి చేతులు చూసింది. వాగులో మునిగితే ఇంజను ఎందుకు చస్తుందో ఆ చేతులే చెప్పాయి. డీజిల్ ఇంజనుకి కావలసింది గాలి. గాలి పీల్చే చోట నీళ్లు పోతే లోపల కడ్డీలు వంగిపోతాయి. ఆ గాలి మూతిని పైకి తీసుకుపోయే పరికరం ఒకటి ఉందట. గుంటూరు షాపువాడు దానికి చెప్పిన ధరకి ఇంకో పాత జీపు వచ్చేట్టుంది.

అందుకని చేలో మిగిలిన మోటారు పైపు ముక్క తెచ్చింది. ఎడమవైపు బానెట్టు పక్కనుంచి టాపుదాకా నిలబెట్టి, రెండు ఇనప పట్టీలేసి బిగించింది. అతుకుల దగ్గర ట్రాక్టరు ట్యూబు కోసి చుట్టింది. వాన పడకుండా మూతి వెనక్కి తిప్పింది. గేరుబాక్సు, ఇరుసు గాలి పీల్చే సన్నని బెజ్జాలకి మందుకొట్టే స్ప్రేయరు గొట్టాలు తగిలించి అవీ పైకి లాగింది. పొగగొట్టాన్ని కూడా వెనకనుంచి పైకెత్తింది. మాచర్ల తుక్కు కొట్టులో లారీ స్ప్రింగు పట్టీ ఒకటి తెచ్చి వెనక పట్టీల్లో దూర్చింది. బండి జానెడు లేచింది.

వెంకట్రామయ్య అది చూసి నలుగురి ముందూ నవ్వాడు. "ఏందే హన్నమ్మా, జీపుకి తొండం పెట్టావు? రేపు చెవులు కూడా పెట్టు, ఏనుగవుద్ది."

ఆ పేరు నిలబడిపోయింది. కూలీలకి నచ్చింది కూడా. తొండమంటే వినాయకుడు గదా అంది ఆదిలక్ష్మమ్మ. దసరాకి అందరూ కలిసి బండికి పూజ చేశారు. హన్నమ్మ చర్చికి పోయే మనిషి, అయినా వద్దనలేదు. కూలీల్లోంచి హజ్రా బీ ముందుకొచ్చి కొబ్బరికాయ అందుకుంది. "నీకెందుకే?" అంటే, "రోజూ మోసేది నన్ను కూడా గదా, బండికి కులం తెలుసా," అంది. చివర్లో ఆదిలక్ష్మమ్మ ఎర్ర రవికె గుడ్డ తెచ్చి పైపు మెడకి తలపాగా చుట్టి, వెనక కుచ్చు వదిలి ముడేసింది. నెల నుంచి అది అట్లాగే ఉంది. ఎండలో కుచ్చు ఎగిరితే అందంగానే ఉండేది.

ఇప్పుడు వానకి తడిసి ముద్దయి పైపుని అంటుకుని ఉంది. హన్నమ్మ దాన్ని చూసింది. ముడి మీద చెయ్యేసింది. నాని బిగుసుకుపోయింది, గోరు దిగలేదు. కత్తి తెచ్చి కోసేయొచ్చు. ఆదిలక్ష్మమ్మ కట్టిన గుడ్డని కత్తితో కోయడమా? ఇంతమంది చూస్తుండగా? ఒక్క నిమిషం పని. ఆ నిమిషం ఆమె పెట్టలేదు.

పెట్టిన నిమిషాలన్నీ బరువు మీద పెట్టింది. ఖాళీ బండిని వాగు తెప్పలాగా ఎత్తుకుపోతుంది. బరువు కావాలి. ఒడ్డున ఏమున్నాయి? శంకుస్థాపన రాళ్లున్నాయి. ఈ చప్టా మీద వంతెన కడతామని మూడు ఎన్నికలకి ముగ్గురు పెద్దమనుషులు వచ్చి మూడు పలకలు పాతిపోయారు. వంతెన రాలేదు. పలకలు మాత్రం నున్నగా, దిట్టంగా, బంగారు అక్షరాలతో ఉన్నాయి. ఒకటి ఒరిగి ఉంది, రెండోది గేదెలు ఒళ్లు రుద్దుకుని రుద్దుకుని ఊడదీశాయి.

"ఆ రెండూ ఎక్కించండి."

"అవి సర్కారు రాళ్లు," అన్నాడొకడు.

"మోస్తావా, వీడియో తీస్తావా?"

నలుగురు మోశారు. పలకలు వెనక అడుగున పడుకున్నాయి. హన్నమ్మ బండి ముందు మొహానికి పరదా పట్టా కట్టింది, నీళ్లు ఫ్యాను మీదికి రాకుండా. నాలుగు చక్రాలూ లాగేట్టు చేసే పుల్ల వేసింది, మొదటి గేరు వేసింది, దిగింది.

వాగులో ఒకటే సూత్రం. సగంలో గేరు మార్చకూడదు, క్లచ్చి తొక్కకూడదు, ఆగకూడదు. నీళ్లు బంపరు దాటాయి, దీపాలు దాటాయి, తలుపు సందుల్లోంచి లోపలికొచ్చి ఆమె మోకాళ్లను పట్టుకున్నాయి. వెనక బరువు నేలని వదల్లేదు. ఇంజను కాస్త మందంగా లాగుతున్నట్టనిపించింది. రాళ్ల బరువులే అనుకుంది. గుర్తురాళ్ల తలలు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. అవతలి ఒడ్డెక్కి, చేను దారిలో నీళ్లూ బురదా చిమ్ముకుంటూ షెడ్డు దగ్గర ఆపింది. ఇంజను ఆపలేదు.

ఆడవాళ్లు గట్టు మీద కోళ్లలాగా ముడుచుకుని ఉన్నారు. ముందు దిగి వచ్చింది వెంకట్రామయ్య. చేతిలో పత్తి కుక్కిన బోరెం.

"ముందు ఈ తొమ్మిది బోరేలు వెయ్యి. తర్వాత వీళ్లు ఎక్కుతారు."

"పట్టవు."

"టాపు మీదేద్దాం."

"పత్తి తేలుద్ది రామయ్యగారూ. బండిని కూడా తేలుస్తది. నాకు మునిగే బరువు కావాల. మీరెక్కండి, బరువున్నారు."

హజ్రా బీ ఆ భయంలోనూ కిసుక్కున నవ్వింది. వెంకట్రామయ్యకి కోపమొచ్చింది. "ఏమే, నా చేలో నిలబడి నాకు చెప్తన్నావా? ఇది ఆర్నెల్ల కష్టం."

"తీసింది వాళ్లు. వాళ్లని అడుగుదాం, పత్తిని ఎక్కించి వాళ్లు దిగుతారేమో."

పదకొండుమందీ నడిచి వచ్చి వెనక ఎక్కారు, రాళ్ల మీద బంగారు అక్షరాలు తొక్కుతూ. వెంకట్రామయ్య బోరెం వదిలి ముందు సీటెక్కాడు. ముందు సీటు ఎప్పుడూ ఆయనదే, ఎవరూ చెప్పనక్కరలేదు. తొండం ఆయన పక్కనే, తలుపు బయట నిలబడి ఉంది.

వాగు దగ్గరికి వచ్చేసరికి గుర్తురాళ్లలో మూడు కనిపించలేదు. హన్నమ్మ వాటి వరసని మనసులో గీసుకుంది. నీళ్ల రంగు మారింది, ఎర్రగా, చిక్కగా. కట్ట మట్టి.

"కట్ట జారింది," అన్నాడు వెంకట్రామయ్య, చిన్న గొంతుతో.

"తెలుసు. గట్టిగా పట్టుకోండి."

దిగింది. గాలి ఇప్పుడు వెనకనుంచి కొడుతోంది. నీళ్లు బానెట్టు మీదికి వచ్చాయి. బండి ఒకసారి పక్కకి జరిగి మళ్లీ నేలని పట్టుకుంది. వెనక ఎవరో ప్రార్థన మొదలెట్టారు, ఇంకెవరో నోరు మూయమన్నారు. సగం దూరం వచ్చారు.

ఇంజను దగ్గింది.

హన్నమ్మ కాలు వత్తింది. బండి పుంజుకోలేదు, ఇంకా కుంగింది. మళ్లీ దగ్గు. లోపలికి నీళ్లు పోయాయా? పోతే ఈ క్షణమే ఇంజను ఆపాలి, లేకపోతే కడ్డీలు వంగుతాయి. ఆపితే నడివాగులో ఆగిపోతుంది, పన్నెండుమందితో. రెండూ చావే. లోపలికి పోయింది నీళ్లో కాదో ముందు తేల్చుకోవాలి.

అద్దంలో పొగగొట్టం చూసింది. తెల్ల పొగయితే నీళ్లు. నల్ల పొగయితే గాలి లేదు. వానలో, మసకలో, గొట్టం కొసన పొగ కనపడింది. బొగ్గులాగా నల్లగా ఉంది.

తల ఎడమకి తిప్పింది. ఎర్ర కుచ్చు పైపు వెనకమూతిలోకి పీల్చుకుపోయి బిరడాలాగా అతుక్కుని ఉంది. గాలి దాన్ని తోస్తోంది, ఇంజను దాన్ని లాగుతోంది.

"రామయ్యగారూ, ఆ గుడ్డ పీకండి."

ఆయన చూశాడు, చెయ్యి ఎత్తి ఆగాడు. "దేవుడికి కట్టింది. నడివాగులో విప్పితే..."

"బండికి ఊపిరాడట్లేదు. పీకండి."

"మంచిది కాదే, వాగు మధ్యలో..."

వెనకనుంచి ఆదిలక్ష్మమ్మ గొంతు వచ్చింది. "కట్టింది నేను. తప్పు నాది. దేవుడడిగితే నా పేరు చెప్పు. పీకు రామయ్యా."

పుట్టినప్పటినుంచీ ఆమె ఆయన్ని గారు లేకుండా పిలవలేదు. ఆయన తలుపులోంచి నడుముదాకా బయటికి వంగాడు. బండి ఊగింది, ఆయన జారబోయాడు. వెనక సీటులోంచి హజ్రా బీ ముందుకి దూకి ఆయన మొలతాడూ పంచే కలిపి రెండు చేతులా పట్టుకుంది.

"పంచె ఊడినా నేను చూడను పెద్దయ్యా. నువ్వు పీకు."

"ముడి రావట్లే."

"ముడి వదిలెయ్యండి," అంది హన్నమ్మ, కళ్లు రాళ్ల వరస మీదే పెట్టి. "మూతిలో ఉన్న గుడ్డ లాగండి."

"అతుక్కుపోయింది."

ఇంజను మూడోసారి దగ్గింది. బండి దాదాపు ఆగింది. వెనక చక్రం కిందనుంచి ఏదో జారింది. హన్నమ్మ కాలు క్లచ్చి వైపు తనంతట తానే పోయింది. ఆమె దాన్ని వెనక్కి లాక్కుంది.

వెంకట్రామయ్య పైపుని రెండు చేతులా కౌగిలించుకుని, గుడ్డని పళ్లతో పట్టుకున్నాడు. కూలీలు కట్టిన గుడ్డ, నెల రోజుల దుమ్ము, పొగ, పసుపు, అన్నీ ఆయన నోట్లోకి పోయాయి. తల వెనక్కి విరిచి లాగాడు. గుడ్డ పర్రున చిరిగింది.

పైపు ఒక్కసారిగా గాలి పీల్చింది. ఆ చప్పుడు అందరికీ వినపడింది, మునిగి తేలిన మనిషి మొదటి ఊపిరిలాగా. నల్ల పొగ విడిపోయింది. బండి లాగింది. హన్నమ్మ కాలు తియ్యలేదు, ఊపిరి కూడా తియ్యలేదు, ముందు చక్రాలు గట్టెక్కి గొడుగుల గుంపు రెండుగా చీలిపోయేదాకా.

ఆడవాళ్లు దిగారు. కొందరు బురదలోనే కూర్చున్నారు. కాసేపటికి ఎగువనుంచి పెద్ద శబ్దం వచ్చింది. వాగు ఒక్క ఊపున చప్టాని మింగేసింది, చెట్లూ మట్టీ తోసుకుంటూ. ఆ నీళ్లలో తెల్లగా ఏవో దొర్లుకుంటూ పోయాయి. తొమ్మిది లెక్కపెట్టుకోవచ్చు. వెంకట్రామయ్య లెక్కపెట్టలేదు. తిరిగి ఆడవాళ్లను చూశాడు.

గొడుగుల్లోంచి ఒకాయన వచ్చి, ఫోటో కోసం ఆడవాళ్లందరినీ బండి పక్కన నిలబడమన్నాడు. బోటువాళ్లు వచ్చేలోపు పేపరుకి పంపాలట. హజ్రా బీ అతని చేతిలో గొడుగు లాక్కుని ఆదిలక్ష్మమ్మ నెత్తిన పట్టింది. ఫోటో సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

"హన్నమ్మా," అన్నాడు వెంకట్రామయ్య. ఒసే లేదు, ఏమే లేదు. పెదవి చిట్లి నెత్తురు వస్తోంది. చిరిగిన ఎర్రగుడ్డ ఇంకా గుప్పెట్లోనే ఉంది.

ఆదిలక్ష్మమ్మ దాన్ని చూసి తల దించుకుంది. "నేనే చంపబోయానే మిమ్మల్నందర్నీ."

"నేను ముడి మీద చెయ్యేసి కూడా వదిలేశా అత్తా. నలుగురు చూస్తన్నారని."

హన్నమ్మ ఇంజను ఆపి బానెట్టు ఎత్తింది. ఇంజను ఆయిలు చూసే కడ్డీ పైకి లాగింది. ఆయిల్లో నీళ్లు కలిస్తే మజ్జిగలాగా తెల్లబడుతుంది, అప్పుడు ఈ బండి అయిపోయినట్టే. తుడిచి ముంచి చూడాలి. తుడవడానికి ఒంటి మీద పొడిది, చేతిలో పనికొచ్చేది ఏదీ లేదు.

వెంకట్రామయ్య ముందు చెయ్యి చాచింది. ఆయన గుడ్డ ఇచ్చాడు. పిండి, కడ్డీ తుడిచి, లోపలికి దించి, మళ్లీ పైకి తీసి వెలుతురు వైపు పట్టింది. పదకొండుమందీ మెడలు చాచి చూశారు.

ఆయిలు నల్లగానే ఉంది.

"ఎక్కండి," అంది హన్నమ్మ. గుడ్డని మడిచి సీటు కింద, స్పానర్ల పక్కన పెట్టింది.