ముందు నుంచి కోసుంటే

నా కుడి తుంటి కీలు మార్చి ఏడాదైంది. అప్పట్లో ఆసుపత్రివాళ్ళు ఆ ఆపరేషనుకి వచ్చిన మమ్మల్నందర్నీ రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి తొడ ముందు నుంచి కోత, రెండో జట్టుకి పిరుదు వెనక నుంచి. ఎవరు బాగా కోలుకుంటారో పోల్చి చూస్తారట. ఎవరికి ఏదన్నది మూసిన కవరులో వస్తుంది. నాకు వెనక అని వచ్చింది.

పక్క మంచం మీది లారీ డ్రైవరుకి ముందు అని వచ్చింది. మూడో వారానికల్లా చేతికర్ర పక్కన పడేశాడు మహానుభావుడు. నేనింకా వాకరు పట్టుకుని తప్పటడుగులే. అప్పుడు మండిన కడుపు ఇంతవరకూ చల్లారలేదు.

నేను టైల్స్ మేస్త్రీని. ముప్ఫై ఏళ్ళు నేల మీద గొంతుక్కూర్చునే బతికాను. ఇప్పుడు కుర్చీలో కూర్చోగలను, మెట్లెక్కగలను, నేల మాత్రం అందదు.

"ముందు నుంచి కోసుంటే ఈపాటికి పనిలో ఉండేవాణ్ణి" అని రోజూ ఇంట్లో గోల చేసేవాణ్ణి.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస" అనేది మా ఆవిడ.

ఇప్పుడు ఎడమ తుంటి కూడా అరిగింది. దాన్ని ముందు నుంచి చేయించుకుంటే ఆ కాలొక్కటైనా మడిచి, రెండో కాలు చాపుకుని పని చేసుకోవచ్చని నా ఆశ. ఇవాళ ఆఖరి పరీక్షకి వెళ్ళింది ఆ మాట అడగడానికే.

ఫిజియో అమ్మాయి వరండాలో నన్ను నడిపించి, ప్రశ్నలడిగి, కాగితం నింపింది. "నూటికి తొంభై ఆరు! అదరగొట్టారు బాబాయ్!"

"నేల మీద కూర్చోగలనా అని అడగలేదేమ్మా?"

కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆ ప్రశ్న ఇందులో లేదు బాబాయ్."

"సరే. రెండోది ముందు నుంచి చెయ్యమని రాయమ్మా."

"తేడా మొదటి రెండు నెలలే బాబాయ్. ఏడాదయ్యేసరికి అందరూ ఒకటే."

నేను నమ్మలేదు. కోసినవాళ్ళని వెనకేసుకు రాక ఏం చేస్తుంది? బయట బెంచీ మీద డ్రైవరు కనిపించాడు. అతన్నే అడుగుదామని వెళ్ళాను. నన్ను చూసి లేవబోతుంటే అతని తాళంచెవులు జారి కింద పడ్డాయి.

వంగుతాడేమోనని చూస్తూ నిలబడ్డాను. అతనూ నన్నే చూస్తున్నాడు.

"కాస్త తీసి పెట్టన్నా" అన్నాడు చివరికి. "నీది వెనక కోత కదా. మీరంతా హాయిగా వంగుతారటగా. నాక్కూడా వెనక నుంచి చేసుంటే ఈపాటికి లారీ ఎక్కేవాణ్ణని మా ఇంట్లో రోజూ ఏడుస్తుంటాను."

తాళంచెవులు మా ఇద్దరి కాళ్ళ మధ్య టైల్ మీద పడి ఉన్నాయి. అవి ఎవరైనా వచ్చి తీసిపెట్టేదాకా ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. ఎడమ తుంటి సంగతి ఇక నేనెవర్నీ అడగలేదు.