కిడ్నీలు బాగున్నాయన్నారు

నాన్న ఏసుపాదం కిడ్నీల జబ్బుతో పోయినప్పటినుంచి టీచరు ఎలీసమ్మకు తమ్ముడి మీదే బెంగ. కిడ్నీల్లో నీటితిత్తులు పెరిగే ఆ జబ్బు పిల్లలకూ రావచ్చని డాక్టర్లు అప్పుడే చెప్పారు. తమ్ముడు హేమంత్ రాజోలు దగ్గర హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ముప్పై నిండలేదు. వాలీబాల్ కోర్టులో గాల్లోకి లేచి బంతి కొట్టాడంటే అవతలివాళ్ళు చూస్తూ ఉండిపోవాల్సిందే.

2002 వేసవి సెలవుల్లో ఎలీసమ్మ అతన్ని బతిమాలి అమలాపురం తీసుకెళ్ళి స్కానింగ్ చేయించింది. రెండు కిడ్నీల్లోనూ తిత్తులున్నాయి.

"కిడ్నీలు ఇంకా బాగానే పనిచేస్తున్నాయండీ," అన్నారు డాక్టరుగారు. "నా భయం వాటి గురించి కాదు. బీపీ చాలా ఎక్కువుంది. రక్తనాళాలు ఈ వయసుకే బిరుసెక్కేయి. ఈ జబ్బులో కిడ్నీలకన్నా ముందు అవే దెబ్బతినొచ్చు. మాత్రలు మానకండి."

"ఆయ్, అలాగేనండీ," అన్నాడు హేమంత్. కానీ అతని చెవికెక్కింది మొదటి మాటే. ఇంటికి రాగానే "కిడ్నీలు బాగున్నాయన్నారే!" అని భార్య రాహేలుకు కేకేసి చెప్పాడు. ఆ పూట ఇంట్లో కోడికూర వండారు. వాళ్ళ సంబరం చూశాక మిగతా మాట ఎత్తడానికి ఎలీసమ్మకు నోరు రాలేదు.

దసరా నాటికి అతను మాత్రలు మానేశాడు.

"ఎందుకు మానేసేవురా?"

"అవి వేసుకుంటే కళ్ళు తిరుగుతున్నాయక్కా. నాన్నకి కాళ్ళు వాచేయి, అన్నం సయించేది కాదు. నాకలా ఏమన్నా ఉందా?"

క్రిస్మస్ ముందు ఒక ఉదయం, పిల్లల్ని వరసలో నిలబెడుతూనే తల పట్టుకుని కూలిపోయాడు. కాకినాడ తీసుకెళ్ళేసరికే స్పృహ లేదు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. మర్నాడు పోయాడు.

సమాధి దగ్గర రాహేలు ఏడవడం కూడా మరిచిపోయినట్టు నిలబడింది. "కిడ్నీలు బాగున్నాయన్నారు కదా వదినగారూ?" అని అదే మాట అడిగింది. ఎలీసమ్మ ఆమెను పట్టుకుని డాక్టరుగారు చెప్పినదంతా అప్పుడు చెప్పింది.

జనవరిలో ఎలీసమ్మ తానూ స్కానింగ్ చేయించుకుంది. ఆమెకూ తిత్తులున్నాయి, బీపీ ఉంది. మాత్రలు తెచ్చుకుని తిన్నగా మరదలింటికి వెళ్ళింది. హేమంత్ కూతురు, నాలుగేళ్ళ అక్షయ, గుమ్మంలో ఆడుకుంటోంది.

"పాపకి ఏడాదికోసారి బీపీ చూపిద్దామమ్మా," అంది.

"దీనిక్కూడానా?"

"ఏమో. ఉంటే ముందే తెలియాలి కదా."

రాహేలు గుమ్మంలోకి వెళ్ళి పిల్లను ఎత్తుకుంది. దించమని అది గింజుకుంటున్నా దించలేదు.