ఎనభై దాటితే వణుకు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురం. వరండాలో కుర్చీ వెనక్కి వాల్చుకుని, మెలకువగానే ఉండి కళ్ళు మూసుకున్న నాన్న. ముందుగదిలో నీలం కర్టెన్ల గుట్టల మధ్య కుట్టుమిషను తొక్కుతున్న అమ్మ. ఆ కర్టెన్ల మీద ఎవరు కాలు పెడతారా అని గుమ్మంలో కాపలా కూర్చున్న నాయనమ్మ. కబురు పెట్టకుండానే పొద్దున్నే దిగిన మామయ్య, అంటే అమ్మ తమ్ముడు. ఇక నేను. గేటు పక్కన కారు ఉంది. దాన్ని కూడా కలిపితే ఆరుగురం. నాయనమ్మ కలుపుతుంది. ఆమె లెక్కలో అమ్మ పెద్దకోడలు, కారు చిన్నకోడలు.

"పెద్దది నోరు విప్పదు, చిన్నది నోరు మూయదు. ఇద్దరినీ వీడే ఏరి తెచ్చుకున్నాడు" అంటుంది.

ఆ మధ్యాహ్నం చిన్నకోడలిని ఇంట్లోంచి పంపేయాలని నాన్న నిర్ణయించాడు. పాత కార్లు కొనే ఆయన భోజనాల వేళ దాటాక వస్తానన్నాడు.

కారణం వణుకు. ఊళ్ళో తిరిగినంతసేపూ కారు బుద్ధిగా ఉంటుంది. హైవే ఎక్కి వేగం ఎనభై దాటగానే చలిజ్వరం వచ్చిన మనిషిలా వణుకుతుంది. డెబ్భైకి తగ్గితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు ఉంటుంది. నాన్న తాపీ మేస్త్రీ. గోడ వంకర అయితే ఎక్కడ వంకరో ఒక కన్ను మూసి చెప్పేస్తాడు. ఈ వంకర మాత్రం ఆయన కంటికి దొరకలేదు. నెల రోజులుగా కారు ముందు వైపు కింద దూరి చూస్తూనే ఉన్నాడు.

"నేను నడిపితే పర్వాలేదు. మీ అక్క ఒక్కతే వెళ్తుంది. దారిలో ఏ చక్రమో ఊడితే?" అన్నాడు మామయ్యతో.

అమ్మ హైవే పక్కనున్న హోటళ్ళకు కర్టెన్లు కుడుతుంది. నిరుడు పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకుంది. అంతకుముందు బజారులో ఒక షాపు వెనక గదిలో, ఎవరో కత్తిరించి ఇచ్చిన గుడ్డలు కుట్టేది. ఇప్పుడు కొలతలు తీసేది అమ్మే, గుడ్డ ఎంచేది అమ్మే, తీసుకెళ్ళి తగిలించి వచ్చేదీ అమ్మే. కారు పోతే మళ్ళీ ఆ వెనక గదే. ఈ మాట అమ్మ ఒక్కసారి కూడా అనలేదు. నాన్న బేరం సంగతి ఎత్తినప్పుడల్లా మిషను చప్పుడు మాత్రం పెరిగేది.

"మధ్యాహ్నం దాకా టైముందిగా బావా. నేను పట్టుకుంటాను" అన్నాడు మామయ్య.

"నువ్వు ఫ్యాన్లు బాగుచేస్తావు. ఇది కారు."

"ఫ్యాను కూడా తిరిగేదే, కారు కూడా తిరిగేదే. తేడా ఏంటంటే ఫ్యానుకి నీ అంత మొండి యజమాని ఉండడు."

నాన్న కళ్ళు తెరిచాడు. "తినేసి వెళ్ళకూడదూ, నీకెందుకొచ్చిన కారు."

"తినే వెళ్తాను. ముందు తాళాలివ్వు."

మామయ్య మొదట బానెట్ ఎత్తి, నాన్నను లోపల కూర్చోబెట్టి, బండి కదలకుండానే ఇంజన్ను హోరెత్తించమన్నాడు. ఇంజన్ అరిచింది, గోడ మీది పిల్లి పారిపోయింది, కారు మాత్రం వణకలేదు. "ఇంజన్ అయితే నిలబడి ఉన్నా ఊగాలి" అని మామయ్య బానెట్ మూశాడు. ఇక హైవే మీదే చూడాలి.

నాన్న స్టీరింగ్ దగ్గర, పక్కన మామయ్య. నాన్న వెనక సీటు నాది, నా పక్కన నాయనమ్మ. ఆమెను ఎవరూ పిలవలేదు. "చిన్నదాన్ని డాక్టరుకి చూపించేటప్పుడు పెద్దవాళ్ళు వెంట ఉండాలి" అని తనే ఎక్కి కూర్చుంది.

హైవే ఖాళీగా, తిన్నగా ఉంది. అరవై. డెబ్భై. ఎనభై దాటగానే వచ్చింది. సీటు అడుగు నుంచి సన్నగా మొదలై నడుము దాకా ఎక్కింది. నా పళ్ళు ఒకదానికొకటి తగిలి టకటకమన్నాయి. నాయనమ్మ మాత్రం తల వెనక్కి ఆనించి ఉయ్యాల్లో పాపాయిలా కళ్ళు మూసుకుంది.

"న్యూట్రల్లో వెయ్యి" అన్నాడు మామయ్య.

నాన్న వేశాడు. ఇంజన్ హోరు తగ్గిపోయింది. వణుకు తగ్గలేదు.

"చూశావా, ఇంజన్ తప్పేం లేదు. ఇప్పుడు గేరులో వేసి బ్రేకు మెల్లగా తొక్కు. మెల్లగా అన్నాను, అత్తయ్యగారు ముందుకి వచ్చేస్తారు."

నాన్న తొక్కాడు. వణుకు పెరగలేదు. వేగంతో పాటు తగ్గుతూ వచ్చి పోయింది.

"బ్రేకులూ కాదు. అంటే చక్రాలు."

"చక్రాలు మొన్ననే బ్యాలెన్సు చేయించాను. టైర్ల షాపులో. మిషను మీద పెట్టి తిప్పి, బరువు సరిపడేలా అంచుకి సీసం ముక్కలు కూడా కొట్టాడు."

"అయితే యాక్సిల్ అయ్యుంటుంది" అన్నాడు మామయ్య. ఈసారి గొంతులో ధీమా లేదు.

"యాక్సిల్ మార్చడమంటే కారు కన్నా దానికే ఎక్కువవుతుంది. అందుకే వదిలెయ్యమన్నాను."

ఇద్దరూ ముందు కూర్చుని ముందున్నవాటి గురించే వాదించుకుంటున్నారు. స్టీరింగ్ అన్నారు, ముందు చక్రం అన్నారు, ఆ కింద కడ్డీలన్నారు. నాకు ఒక సంగతి తోచింది. తిరుగుదారిలో నాన్న మళ్ళీ ఎనభై దాటించినప్పుడు నా సీటు కింద అరచెయ్యి పెట్టి చూశాను. చెయ్యి తిమ్మిరెక్కింది. నాయనమ్మ పక్కన పెట్టి చూశాను. అక్కడ తక్కువ. ముందుకు వంగి మామయ్య సీటు పట్టుకుని చూశాను. అక్కడ ఇంకా తక్కువ.

"నాన్నా" అన్నాను.

"ఆఁ" అన్నాడు గాని, అది మామయ్యతో అన్నాడు.

నా గొంతు అంతే. బడిలో కూడా జవాబు తెలిసిన ప్రశ్నకి చెయ్యి ఎత్తుదామని నేను అనుకునేలోపు టీచరు తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతుంది. రెండోసారి పిలవలేదు. పిలిచినా ఏమని చెప్పాలి. నా కింద వణుకుతోందనా? మామయ్య ఏడాది పొడుగునా అదే చెప్పి నవ్వుతాడు.

ఇంటికొచ్చేసరికి కార్లు కొనే ఆయన గేటు దగ్గర చిన్న టార్చి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎండలో టార్చి ఎందుకో తెలియదు. కారు దిగీ దిగకముందే చుట్టూ తిరిగి, టైరు తన్ని, అద్దం గీరి, "వయసైపోయిందండీ పాపం. మీరు కాబట్టి ఇన్నాళ్ళు చూసుకున్నారు" అన్నాడు, పరామర్శకి వచ్చినట్టు.

నాన్న జేబులోంచి తాళాలు తీశాడు.

నేను లోపలికి వెళ్ళాను. అమ్మ ఆఖరి కర్టెన్ అంచు మడుస్తోంది. నోట్లో నాలుగైదు గుండుసూదులున్నాయి. పక్కన కూర్చుని చెవిలో చెప్పాను. వణుకు ముందు కాదు, వెనక, నేను కూర్చునే వైపు.

అమ్మ సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి మెత్తకు గుచ్చింది.

"వెళ్ళి చెప్పు."

"నువ్వు చెప్పమ్మా."

"నాకేం తెలుసని. నేనెప్పుడూ ముందే కూర్చుంటాను. వెనక కూర్చుంది నువ్వు."

"ఆయనెవరో కూడా ఉన్నాడు."

"ఉండనీ. ఆయన పోయేలోపు చెప్పాలి, పోయాక కాదు." అమ్మ నా వైపు చూసింది. అడగడం తెలియని మనిషి అడుగుతున్నట్టుంది ఆ చూపు. "వెళ్ళు, తల్లీ."

వెళ్ళాను. నలుగురి మధ్యకి వెళ్ళి నిలబడ్డాక నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది.

"కారు వణకడం లేదు."

అందరూ నా వైపు తిరిగారు. మొదలే తప్పింది.

"అంటే, ముందు వణకడం లేదు. వెనక. నాన్న వెనక వైపు. నా సీటు కింద."

కార్లాయన నవ్వాడు. "వెనక సీటు కదా పాపా, గతుకులు ఎక్కువ తెలుస్తాయి."

మామయ్య నవ్వలేదు. "ఉండండి. పిల్లా, నాయనమ్మ వైపో?"

"తక్కువ. చెయ్యి పెట్టి చూశాను, నాయనమ్మ నిద్రపోయినప్పుడు."

"నేనెక్కడ నిద్రపోయానే? కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటున్నాను" అంది నాయనమ్మ.

"గురక పెట్టి తలుచుకున్నారు అత్తయ్యగారూ. బావా, ఒకటి చెప్పు. స్టీరింగ్ నిజంగా ఊగుతోందా?"

"ఊగుతోంది" అన్నాడు నాన్న. తన అరచేతులు చూసుకుని, "గట్టిగా పట్టుకున్నాను" అన్నాడు.

"అంత గట్టిగా పట్టుకుంటే ఊగేది నీ చేతులు. టైర్ల షాపులో ఎన్ని చక్రాలు చేయించావు?"

"రెండు."

"ఏ రెండు?"

"ముందువి. వణుకు ఎక్కడని అడిగాడు. స్టీరింగులో అన్నాను. ఇంకెక్కడుంటుంది, నా చేతులు ఉన్నది అక్కడేగా."

మామయ్య నుదురు కొట్టుకున్నాడు. "అవునులే, మనం ముందు కూర్చుని ముందే వెతికాం. ఫ్యాను రెక్కకి ఒక్క పక్క మట్టి అంటుకుంటే చాలు బావా. మెల్లగా తిరిగితే తెలీదు, స్పీడు పెంచితే ఇంటి కప్పు ఊడేలా ఊగుతుంది. జాకీ తియ్యి."

ముందు చక్రాలకు అడ్డంగా రాళ్ళు పెట్టి, కుడివైపు వెనక చక్రం లేపారు. టైరుకి ఎక్కడా ఉబ్బు లేదు. బయటి వైపు చక్రం శుభ్రంగా మెరుస్తోంది, ఆదివారం ఆదివారం నాన్న కడుగుతాడు మరి. మామయ్య బోల్టులు విప్పి, చక్రం ఊడదీసి, నేల మీద బోర్లా పడేశాడు.

లోపలి వైపు, రిమ్ము గుంటలో ఇనుముకు కరుచుకుని, బూడిదరంగు ముద్ద ఒకటి ఉంది. నా పిడికిలి కన్నా పెద్దది.

కార్లాయన టార్చి వేసి చూశాడు. అప్పటికి దానికో పని దొరికింది.

నాన్న గొంతుక్కూర్చుని వేలితో ఆ ముద్దను తట్టాడు. గీరి, నలిపి చూశాడు. ఆయన ముఖం మెల్లగా మారింది.

"ఇది నా మాలే" అన్నాడు.

"నీ సిమెంటు నీ చక్రంలోకి ఎలా వచ్చింది?"

నాన్న తల గోక్కున్నాడు. "పోయిన నెల ఆ ఎత్తు మీద ఇల్లు కట్టాం చూడు. అక్కడ ఏటవాలు. హ్యాండు బ్రేకు సరిగ్గా ఆగదు. చక్రం వెనక ఏదో ఒకటి అడ్డం పెట్టాలి."

"రాయి పెట్టాలి."

"రాయి దగ్గర్లో కనబడలేదు. మాలు మిగిలింది. రెండు పారలు వేసి అదిమాను. లోపల్నించి కూడా అదిమాను, జారకుండా."

మామయ్య కారు మీద వాలిపోయి నవ్వాడు. నవ్వుతూనే, "అక్కా, బయటికి రా. మీ ఆయన చక్రానికి పునాది వేశాడు" అని కేకేశాడు. కార్లాయన కూడా నవ్వు ఆపుకోలేక టార్చి కింద పడేసుకున్నాడు.

అమ్మ కొలత టేపు మెడలోనే వేసుకుని బయటికి వచ్చింది. ముద్దను చూసింది, నాన్నను చూసింది.

"నీళ్ళు సరిగ్గా కలిపారు" అంది.

"అన్ని రోజులు ఎనభైలో తిప్పినా పెళ్ళ రాలలేదు చూడు" అన్నాడు నాన్న, సిగ్గుపడాలో గర్వపడాలో తేలక. తర్వాత సుత్తి, సన్నపాటి ఉలి తెచ్చి, రిమ్ముకు దెబ్బ తగలకుండా అంచు నుంచి మెల్లగా కొట్టాడు. గోడలు కట్టేటప్పుడు కూడా ఆయన అంత జాగ్రత్తగా ఉండగా నేను చూడలేదు. ముద్ద మూడు పెళ్ళలుగా రాలింది. గీకి, కడిగి, చక్రం బిగించారు.

"ఇప్పుడు నేను నడుపుతాను" అంది అమ్మ. చెయ్యి చాపింది. నాన్న తాళాలు ఇచ్చాడు.

కార్లాయన్ని వరండాలో నాయనమ్మకు అప్పజెప్పి మేం నలుగురం బయల్దేరాం. నాన్న ఈసారి అమ్మ పక్కన కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. పట్టుకోవడానికి ఏమీ లేక కాబోలు, ఒకదాన్నొకటి పట్టుకున్నాయవి. నేను అమ్మ వెనక, నా చోటులో. అరచేతులు సీటు మీద ఆనించాను.

ఎనభై దాటింది. ఎనభై అయిదు. తొంభై. ముందు ఇద్దరు, నా పక్కన మామయ్య. ముగ్గురూ నేనేమంటానా అని ఎదురుచూస్తున్నారు. ఇంతమంది నా మాట కోసం ఆగడం నాకు అలవాటు లేదు. ఇంకో క్షణం ఆగాను, నిజం చెప్పాలంటే బాగుండి ఆగాను.

"ఏం లేదమ్మా" అన్నాను. గట్టిగానే అన్నాను.

అమ్మ అద్దంలోంచి నన్ను చూసింది. భుజాలు కిందికి దిగాయి. నెల రోజులుగా అవి అలా పైకి లేచి ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది.

మేం తిరిగొచ్చేసరికి కార్లాయన నాయనమ్మ దగ్గర రెండో టీ తాగుతున్నాడు. "బండి కండిషన్లో ఉందన్నమాట. అయితే ఇంకో మాట అనుకుందాం" అని లేచాడు.

"అనుకోవడానికేం లేదండీ. మా ఆవిడ పనికెళ్ళాలి, కారు కావాలి" అన్నాడు నాన్న.

"మా చిన్నకోడలు ఎక్కడికీ పోదు నాయనా. నువ్వు టీ తాగి వెళ్ళు" అంది నాయనమ్మ.

అమ్మ అప్పటికే లోపల కర్టెన్లు మడుస్తోంది. హోటలు వాళ్ళకి రేపటిదాకా గడువుంది గాని ఇవాళే ఇచ్చి వస్తానంది. మామయ్య, నాన్న గుట్టలు గుట్టలుగా మోసుకొచ్చి డిక్కీ నింపారు. మిగిలినవి వెనక సీటులో వేశారు.

"దీన్ని ఎక్కడ కూర్చోబెడతావు? ముందు కూర్చో పిల్లా" అన్నాడు మామయ్య.

"ముందు వద్దు, వెనకే కూర్చోనీ" అంది అమ్మ, ఇంజన్ స్టార్టు చేస్తూ. "వెనక సంగతి చెప్పేవాళ్ళు నాకు వెనక ఉండాలి."

మెడ దాకా నీలం గుడ్డలో కూరుకుపోయి కూర్చున్నాను. నాన్న వచ్చి, బయటికి వేలాడుతున్న కర్టెన్ అంచును లోపలికి తోసి, దాంతోపాటు నా మోచేతిని కూడా తోసి, మోకాలు అడ్డం పెట్టి తలుపు వేశాడు.