కార్డులో బతికున్న దేవకి

వీసా ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరాన్ని ప్రమోదిని మూడుసార్లు చదివింది. మొదటిసారి, ఇంగ్లీషు సరిగ్గా అర్థం కాలేదేమో అనుకున్నది. రెండోసారి తన బి.ఏ. మీదనే అనుమానం వచ్చింది. మూడోసారికి ఇంగ్లీషూ బాగానే ఉన్నది, బి.ఏ. కూడా బాగానే ఉన్నది, బాగాలేనిది అత్తగారి రేషన్ కార్డు అని తేలింది.

ఉత్తరంలోని సంగతి ఇది. పదేండ్ల స్నేహలతను ఇంగ్లాండులో ఉన్న తండ్రి దయాకర్‌రావు దగ్గరికి, సవతి తల్లి ప్రమోదిని వెంట పంపాలని దరఖాస్తు పెట్టిండ్రు. కన్నతల్లి దేవకి 1982లో కామెర్లతో చనిపోయిందని అందులో రాసిండ్రు. మరి మీరే జతపరిచిన రేషన్ కార్డు ప్రకారం సదరు దేవకి మొన్న ఆగస్టు దాకా, అంటే 1986 దాకా, నెలనెలా తన వంతు చక్కెర తీసుకుంటున్నది కదా? కన్నతల్లి బతికుండగా పిల్లను ఎట్ల తీసుకపోతరు? నెల రోజుల్లో జవాబు చెప్పగలరు.

ఆ కార్డు నకలు పెట్టింది ప్రమోదినే. చిరునామాకు సాక్ష్యం అడిగిండ్రు. కాగితాలు ఎన్నుంటే అంత బలం అని వాళ్ల అన్న చెప్పిండు. కార్డు మీద చిరునామా చూసింది గానీ కింద పేర్లు చూడలేదు. ఇప్పుడు చూసింది. లీలాబాయి, దయాకర్‌రావు, దేవకి, స్నేహలత. ఏడేండ్ల సంది బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తున్న దయాకర్‌రావు కూడా నెల తప్పకుండా చొప్పదండి పక్కన ఊరిలో చక్కెర తీసుకుంటున్నడు. ఏడాదిన్నర సంది ఆ ఇంట్లోనే ఉండి, ఆ చక్కెరతోనే చాయ్ పెడుతున్న ప్రమోదిని పేరు మాత్రం ఎక్కడా లేదు.

కార్డు పట్టుకొని నడింట్లోకి పోయింది. అత్త లీలాబాయి పీట మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తున్నది.

"అత్తమ్మా, దేవకక్క పేరు గిందుల ఎందుకున్నది?"

"ఎందుకుండదు? గీ ఇంటి కోడలు గద."

"పోయి నాలుగేండ్లాయె."

"పోతే? పేరు తీపిస్తే చక్కెర తగ్గుతది."

"మనకు చక్కెరకు తక్కువనా?"

"ఊకెనే వచ్చేదాన్ని ఎవలన్న వద్దంటరా? నీ బి.ఏ.ల గట్లనే చెప్పిండ్రా?"

"మరి నా పేరెందుకు ఎక్కియ్యలే?"

"నువ్వు పొయ్యేదానివి గద. ఎక్కిచ్చుడు, మల్ల తీపిచ్చుడు. ఎవలు తిరగాలె గా ఆఫీసుల సుట్టు?"

ఎవరు తిరగాలె అన్నదానికి జవాబు మరునాడే దొరికింది. ప్రమోదినే తిరగాలె.

ఆమె వీసా ముందే వచ్చింది. నవంబరు ఆఖరుదాకనే అది చెల్లుతది. భర్త ఉత్తరం రాసిండు, ముందు నువ్వు వచ్చెయ్యి, పిల్ల సంగతి తర్వాత చూద్దామని. మంచివాడే. కానీ ఆయన 'తర్వాత' ఎంత పొడుగుంటదో ప్రమోదినికి తెలుసు. ఎత్తుకొని ఆడించే వయసులో వదిలిపోయిన బిడ్డను పెండ్లికి వచ్చిన మూడు వారాలు తప్ప మల్ల చూడలేదు. అందుకే పిల్ల లేకుండా విమానం ఎక్కనని జవాబు రాసింది. సవతి తల్లి పిల్లను అత్త మెడకు చుట్టి సీమకు ఎగిరిపోయిందనే ముచ్చట చొప్పదండి బస్టాండుకు బహుమతిగా ఇచ్చిపోవడం తనకు ఇష్టం లేదనీ రాసింది. అసలు కారణం రాయలేదు. ఏడాదిన్నర సంది ఆ పిల్ల తన పక్కలనే పండుతున్నది, నిద్రలో కాళ్లు తన పొట్ట మీద వేస్తున్నది. ఇది దరఖాస్తులో రాసేది కాదు. ఏ గడిలో రాయాలో కూడా తెలువదు.

కొత్తగా పెట్టిన మండల ఆఫీసులో హనుమండ్లు అనే గుమస్తా ఉన్నడు. నెమ్మదస్తుడు. ఆయన నెమ్మది చూస్తుంటే ఎదుటివాళ్లకు పానం గుంజుకపోతది.

"కార్డుల పేరు తీసెయ్యాలంటే సచ్చిపోయినట్టు సర్టిఫికెట్ కావాలె మేడం."

"గది ఎవలిస్తరు?"

"మేమే ఇస్తం."

"అయితే ఇయ్యిర్రి."

"పోలీస్ పటేలు రాసిన జనన మరణాల రిజిస్టర్ల ఉండాలె."

పోలీస్ పటేళ్ల కొలువులు తీసేసి రెండేండ్లాయె. వాళ్లు రాసిన రిజిస్టర్లన్నీ మూటలు కట్టి ఈ ఆఫీసు మూలకే తెచ్చి పడేసిండ్రు. హనుమండ్లు నాలుగు రోజులు వెదికి 1982వ సంవత్సరాన్ని బయటికి తీసిండు. మార్చి నుంచి జూన్ దాకా చెదలు తిన్నయి. దేవకి ఏప్రిల్‌లో పోయింది.

"గిప్పుడెట్ల?"

"విచారణ చెయ్యాలె. ఇంటోళ్ల దగ్గర వేరే సాక్ష్యం ఏమన్న ఉన్నదా? సర్కారు కాయితం అసొంటిది?"

"ఏముంటది? ఇంట్ల ఉన్న సర్కారు కాయితం రేషన్ కార్డొక్కటే."

హనుమండ్లు కార్డు తీసుకొని, కండ్లద్దాలు పైకి జరుపుకొని, చాలాసేపు చూసిండు.

"గిందుల బతికే ఉన్నది గద మేడం."

"అందుకే గద తియ్యమంటున్న!"

"తియ్యాలంటే సర్టిఫికెట్ కావాలె. సర్టిఫికెట్ ఇయ్యాలంటే గిందుల పేరుండద్దు. ముందు పేరు తీపిచ్చుకరార్రి."

ప్రమోదిని ఆయన మొహంలోకి చూసింది. ఎగతాళి లేదు, దురాశ లేదు, చాయ్ నీళ్లకని అడిగిందీ లేదు. అడిగితే బాగుండు, ఇచ్చి పారేసి ఇంటికి పోయేది. నియమం మీద నమ్మకమున్న మనిషిని ఏమిచ్చి కొంటం?

అట్ల ఎనిమిదిసార్లు పోయింది. ఐదోసారి హనుమండ్లు ఒక దారి చెప్పిండు. కార్డు ఎవరి పేరు మీద ఉన్నదో ఆ ఇంటి పెద్ద ఆఫీసుకు వచ్చి, కోడలు ఫలానా రోజు చనిపోయింది, పేరు తీపియ్యక తప్పు చేసినం అని వాంగ్మూలం రాసిస్తే, సాక్షులుగా ఊరి పంచులతోని సంతకాలు పెట్టించి పై ఆఫీసుకు పంపుతనన్నడు. ఇంటి పెద్ద అంటే లీలాబాయి. మిగిలిన మూడుసార్లూ ఆమె రానన్నదని చెప్పడానికి పోయింది.

"నేను రాను," అన్నది లీలాబాయి ముచ్చటగా మూడోసారి.

"ఎందుకు రారు? దొరసాని ఆఫీసుకు పోతే ఇజ్జత్ పోతదా? చక్కెర పోతదా? పది రోజులల్ల జవాబియ్యకుంటే పిల్ల సంగతి ఖతమే. గంత చక్కెర కావాల్నంటే నేను బస్తా కొనిస్త!"

అత్తతో ఆమె అంత గొంతెత్తడం అదే మొదలు. లీలాబాయి చేతిలోని చింతపండు పక్కన పెట్టింది.

"గది నా తమ్ముని బిడ్డ," అన్నది. "తొట్టెల నాడే నా కొడుక్కని అడిగి, ఎత్తుకచ్చుకున్న. గిప్పుడు నేనే పోయి, నా దేవకి సచ్చింది, పేరు కొట్టెయ్యిర్రి అని ఎవనికో చెప్పాల్నా? ముత్తయ్య నెలనెలా కంట్రోల్ దుకాణంల లీలాబాయి, దయాకర్‌రావు, దేవకి అని పేర్లు సదువుతడు. గా ఒక్కకాడనే ఇనబడుతది దాని పేరు. ఇంట్ల మీరెవలన్న దాని పేరు పలుకుతుండ్రా?"

ప్రమోదినికి కోపం మిగిలే ఉన్నది గానీ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "దేవకక్క ఉంటే పిల్లను బాపు దగ్గరికి తోలుకపోకుండ ఉండునా?" అన్నది.

లీలాబాయి చింతపండు మల్ల ముందుకు జరుపుకున్నది. తెల్లారి జరీ అంచు చీర కట్టుకొని వాకిట్లో నిలబడ్డది. "జీపు తెమ్మను," అన్నది.

ఆఫీసులో ఆమెకు కుర్చీ వేసిండ్రు. కార్డు ఉన్న దుకాణం డీలరు కూడా రావాలంటే ముత్తయ్య వచ్చి గోడకు ఆనుకొని నిలబడ్డడు. హనుమండ్లు కలం తీసిండు.

"చెప్పుర్రి అమ్మా."

"రాసుకో. నా కోడలు దేవకి నాలుగేండ్ల కింద, ఉగాది పోయిన తొమ్మిదో నాడు సచ్చిపోయింది. అప్పటి సంది దాని చక్కెర నేను తింటున్న."

"చక్కెర ముచ్చట వద్దమ్మా, పేరు తీపియ్యలేదని చాలు."

"ఎందుకు వద్దు? గా సముద్రం అవతలి దొర చక్కెర ముచ్చటనే అడిగిండు. గీ ముత్తయ్య ఇచ్చిండు, నేను తిన్న. మా బర్మింగ్‌హామ్ కొడుకుది కూడా తిన్న. రాయి."

ముత్తయ్య మొహం సున్నం కొట్టినట్టయింది. "దొరసానీ, బాంచెన్, నా దుకాణం పోతది!"

"నా కోడలే పోయింది. నీ దుకాణం పోతె ఏమాయె?"

హనుమండ్లు ఉద్యోగంలో చేరినప్పటి నుంచి తప్పు ఒప్పుకోవడానికి జీపు కట్టించుకొని వచ్చిన మనిషిని చూసినట్టు లేదు. కలం కిందపెట్టి, మంచినీళ్లు తాగి, మల్ల తీసిండు. దొరసాని చెప్పింది చెప్పినట్టు రాసిండు. ముత్తయ్య మాత్రం ఆ సాయంత్రమే సైకిలెక్కి పంచులందరి ఇండ్లకు తిరిగిండు. విచారణ ఎంత తొందరగా ముగిస్తే అంత తక్కువ మంది చదువుతరని ఆయన లెక్క. మూడు వారాలు పట్టేది ఆరు రోజుల్లో అయింది. సర్టిఫికెట్, వాంగ్మూలం, దానికి ప్రమోదిని చేసిన ఇంగ్లీషు అనువాదం, మూడూ రిజిస్టరు పోస్టులో పోయినయి. చక్కెర అనే మాట అనువాదంలో పదకొండుసార్లు వచ్చింది. ఒక్కటి కూడా తీసెయ్యలేదు.

నవంబరు పద్దెనిమిదిన మద్రాసు వీసా ఆఫీసుకు రమ్మన్నరు. ప్రమోదినిని పది నిమిషాలు అడిగిండ్రు. తర్వాత ఆమెను బయటికి పంపి, తెలుగు చెప్పే ఒకామెను కూర్చోబెట్టి, పిల్లను ఒక్కదాన్నే లోపలికి పిలిచిండ్రు. తోడు వచ్చిన అన్న రామకిషన్‌రావు బల్ల మీద పేపరు చదువుతున్నడు. ప్రమోదిని లేస్తున్నది, కూర్చుంటున్నది. పిల్లకు రైల్లో ఒక్కటే చెప్పింది, అడిగినదానికి నిజం చెప్పు అని. ఇప్పుడు అది చాలా తెలివితక్కువ సలహా అనిపిస్తున్నది.

అరగంటకు స్నేహలత వచ్చింది, జడ ముందుకేసుకొని.

"ఏమడిగిండు?"

"చిన్నమ్మ నిన్ను కొడుతదా అని అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"కొడుతదన్న."

రామకిషన్‌రావు పేపరు దించిండు.

"ఏందే! నేను నిన్ను ఎన్నడు కొట్టిన?"

"ఎక్కాలు తప్పు చెప్పినప్పుడు. పదమూడో ఎక్కానికి రెండుసార్లు కొట్టినవ్. గదే చెప్పిన."

"ఓ దేవుడా. ఇంకేమన్నవ్?"

"మరి ఈమెతోని పోతవా అన్నడు. పోత అన్న. కొడుతది గద అన్నడు. అయితే ఏంది, బాపమ్మ కూడా కొడుతది, టీచర్ కూడా కొడుతది, మా ఇంట్ల అందరు కొడుతరు అన్న. గాయిన నవ్వి తెలుగు ఆంటీతోని ఏదో అన్నడు."

"ఏమన్నడట?"

"నేర్పిచ్చి తోలుకచ్చిన పిల్లలు గిట్ల చెప్పరట."

అప్పుడే కిటికీ వెనక మనిషి పేరు పిలిచి, రెండు పాస్‌పోర్టులూ సోమవారం వచ్చి తీసుకపొమ్మని ఇంగ్లీషులో చెప్పిండు. సరిగ్గానే విన్ననా అని ప్రమోదిని మల్లొకసారి అడిగింది. అతను మల్లొకసారి చెప్పిండు.

"పా, ఆకలైతుంది," అన్నది స్నేహలత, ఆమె కొంగు పట్టుకొని గుంజుతూ. "గీడ ఇడ్లీలు పెద్దగుంటయట."

"పదమూడు ఏడులు చెప్పు, ఇప్పిస్త," అన్నది ప్రమోదిని.

పిల్ల ఆలోచించింది. చెప్పింది. తప్పు చెప్పింది.