ఉంగరపు వేలి కింద

మా నాన్న రూరీ కుడిచేతి చివరి రెండు వేళ్లూ నలభై ఆరో ఏట అరచేతిలోకి ముడుచుకుపోయాయి. మా తాతకూ అంతే అయింది. స్కాట్లాండ్ పడమటి సముద్రంలో ఉన్న మా యూయిస్ట్ దీవిలో బ్యాగ్‌పైప్ వాయించే ఇళ్లల్లో ఈ జబ్బుని ఎవరూ పేరు పెట్టి పిలవరు. "ఆయనకీ వచ్చింది" అంటారు, అంతే. మొదట ఉంగరపు వేలి మొదట్లో బఠాణీ గింజంత గడ్డ కడుతుంది. నొప్పి ఉండదు. తరవాత చర్మం కింద తాడు పేనినట్టు బిగుసుకుంటూ వేలిని లోపలికి లాక్కుపోతుంది.

నాన్న పోస్ట్‌మాన్. ఉత్తరాల సంచిని ఆ వంకర వేళ్లకే తగిలించుకుని తిరిగేవాడు. పైపు మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. ఆయన ఆశంతా మా తమ్ముడు హెక్టర్ మీదే. వాడికి ఇరవై ఏడు. అలాంటి వేళ్లు మా దీవిలో ఇంకెవరికీ లేవని గిట్టనివాళ్లు కూడా ఒప్పుకునేవారు. అవతలి తీరాన ఓబన్ ఊళ్లో ఏటా జరిగే పైపు పోటీలో బంగారు పతకం మా ఇంటికి రావాలి. నాన్న దగ్గర వేరే మాట లేదు.

పొద్దున్నే గంజి తాగగానే హెక్టర్ వంటింటి బల్ల దగ్గర సాధన గొట్టం పట్టుకుని కూర్చునేవాడు. సంచి ఉండదు, ఊదడానికి చిన్న గొట్టం, వేళ్లకు రంధ్రాలు. అంతకు ముందు నాన్న ఒక పని చేసేవాడు.

"చెయ్యి ఇలా తే."

హెక్టర్ చెయ్యి చాపేవాడు. నాన్న బొటనవేలితో ఉంగరపు వేలి మొదట్లో నొక్కి చూసేవాడు.

"ఏం లేదు. కానియ్."

అప్పుడు మొదలయ్యేది క్రూన్లువ. మా సంగీతంలో అన్నిటికంటే కష్టమైన గమకం అది. రెప్పపాటులో వేళ్లు ఏడుసార్లు లేచి పడాలి, ఒక్కటి తడబడినా గులకరాళ్లు దొర్లినట్టు వినిపిస్తుంది. "చిటికెన వేలు నిద్రపోతోందిరా, లేపు" అని నాన్న బల్ల మీద కొట్టేవాడు. "అది నీకంటే ముందే లేచింది నాన్నా" అని వీడు నవ్వేవాడు.

మార్చి నెలలో ఒక పొద్దున నాన్న బొటనవేలు అక్కడే ఆగిపోయింది. నేను పొయ్యిలో పీటు ముక్కలు, బురదనేలలో తవ్వి ఎండబెట్టిన మట్టిపెళ్లలు, పెడుతున్నాను. ఎంతసేపటికీ మాట వినపడకపోయేసరికి తలెత్తాను. ఆయన ఇంకా ఆ చోటే నొక్కుతున్నాడు.

"ఏం లేదు," అన్నాడు. "కానియ్."

హెక్టర్ ఆవుల దగ్గరికి వెళ్లాక అడిగాను. "ఉంది కదూ?"

"నోరు ముయ్యి మొరాగ్. తెలిస్తే వేలికంటే ముందు వాడి మనసు వంగిపోతుంది. ఒక్క ఓబన్ అయిపోనీ."

నేను నోరు మూసుకున్నాను. ఇది నా వంతు తప్పు. మా నాన్న తలమీదికి తోసేసి తప్పించుకోను.

ఆ ఏడాది పోటీలో హెక్టర్‌కి మూడో స్థానం వచ్చింది. మళ్లీ ఏడాదికి సాధన రెట్టింపైంది. చలికాలం గడిచేసరికి క్రూన్లువలో చిటికెన వేలు వెనకబడటం నాకే వినపడింది. హెక్టర్ తనని తాను తిట్టుకునేవాడు. "బద్ధకం పట్టింది నాకు. కుక్కకి నేర్పినా ఈపాటికి వచ్చేది." ఐదువందల సార్లు వాయించేవాడు. వేళ్ల కొనలు కందిపోయేవి. ఎదురుగా కూర్చున్న నాన్న "మళ్లీ" అనేవాడు. బల్లమీద వాడి అరచేయి బోర్లా పెడితే కింద సందు ఉండటం నేను చూస్తూనే ఉన్నాను. వాడు చూడలేదు. నాన్న రోజూ ఏం లేదంటున్నాడుగా, వాడికెందుకు అనుమానం?

జులైలో గొర్రెల బొచ్చు కత్తిరించి వచ్చి, చేతులు కడుక్కుంటూ ఆగిపోయాడు. తడి అరచేతిని వెలుతురుకేసి తిప్పి, తనే నొక్కి చూసుకున్నాడు.

"అక్కా, నీకు తెలుసా?"

నేను తల ఊపాను.

"ఎప్పట్నుంచి?"

"పోయినేడు మార్చి."

వాడు తువ్వాలుతో ఒక్కొక్క వేలూ నెమ్మదిగా తుడుచుకుని బయటికి వెళ్లిపోయాడు. నాన్నతో ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే చెయ్యి చాపాడు. నాన్న నొక్కి "ఏం లేదు" అంటుంటే కళ్లార్పకుండా ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాడు. నెల రోజులు అలాగే చేశాడు.

ఓబన్‌లో మొదటి భాగం వాయిస్తుంటే హాల్లో దగ్గు కూడా వినపడలేదు. క్రూన్లువ దగ్గరికి వచ్చాడు. రెండు వరసలు వెళ్లాయి. మూడోదానిలో చిటికెన వేలు రంధ్రం మీద నుంచి లేవలేదు. హెక్టర్ ఆపేశాడు. న్యాయనిర్ణేతలకు తల వంచి వేదిక దిగిపోయాడు.

తిరుగు ప్రయాణంలో పడవ మీద ముగ్గురమే ఒక పక్కన నిలబడ్డాం. హెక్టరే మాట్లాడాడు.

"నాన్నా, వేలు పోయినందుకు కాదు. అది తాతది, నీది, నాది. ఏడాదిన్నర నన్ను నేను తిట్టుకుంటుంటే ఎదురుగా కూర్చుని విన్నావే, అందుకు."

నాన్న రెయిలింగ్ పట్టుకుని నీళ్లకేసి చూశాడు. "గెలుస్తావనుకున్నానురా."

"నేను కాదు. నువ్వు గెలుస్తావనుకున్నావు."

గ్లాస్గోలో ఆపరేషన్ చేస్తే వేలు రెండేళ్లు తిన్నగా ఉంది. మళ్లీ వంగింది. హెక్టర్ పిల్లలకు నోటితో నేర్పడం మొదలుపెట్టాడు. మా వాళ్లు ప్రతి వేలి కదలికకూ ఒక అక్షరం పెట్టి పాట మొత్తం పాడగలరు. నాన్నతో మాత్రం అవసరానికి మించి ఒక్క మాట లేదు.

ఆ ఓబన్ తరవాత నాలుగో చలికాలంలో నాన్న పోయాడు. సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక అందరూ హెక్టర్ వైపు చూశారు. వాడు టోపీ తీసి, ఓబన్‌లో వాయించిన పాటే నోటితో అందుకున్నాడు. గాలి సగం అక్షరాలు ఎగరేసుకుపోతోంది. ముసలివాళ్ల పెదవులు కూడా కదులుతున్నాయి. క్రూన్లువ వచ్చేచోట ఆపేశాడు. అందరూ ఎదురుచూశారు. పాదిరి గారు గొంతు సవరించుకున్నారు.

"పూర్తి చెయ్యరా," అన్నాను మెల్లగా. "ఆఖరిసారి."

"లేదక్కా. ఆయనకి ఇంతవరకే." వాడు టోపీ పెట్టుకుని గోతిలో మట్టి వెయ్యడానికి పార అందుకున్నాడు.